రోగికి పరిచర్య, పరిచారకులకు న్యాయం
(2025 మే 12, వైశాఖ పూర్ణిమ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

2025లో వైశాఖ పూర్ణిమ మే 12వ తేదీన వచ్చింది. అదే తేదీన ప్రపంచమంతటా నర్సుల దినం జరుపుకుంటారు. 1820లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టిన రోజు అది. ఏటా తేదీ మారే పండుగ, తేదీ మారని దినం ఒక్క రోజున కలవడం యాదృచ్ఛికమే. అందులో మహిమను వెతకనవసరం లేదు. అయితే ఆ కలయిక మన ముందు రెండు ప్రశ్నలు ఉంచుతున్నది. బుద్ధుని శరణు పొందిన మనము రోగి మంచం దగ్గర ఎలా మెలగాలి? ఆ రోగిని రాత్రింబగళ్లు కనిపెట్టుకుని ఉండే నర్సు పట్ల, ఆయా పట్ల ఎలా మెలగాలి?

మేము వైద్యులము కాము, నర్సులము కాము. కళాశాలలో చరిత్ర బోధించేవారము. ఈ సభలో సఫ్దర్‌జంగ్‌లోనో, ఎయిమ్స్‌లోనో, ప్రైవేటు ఆసుపత్రులలోనో పనిచేసే సోదరీమణులు ఉన్నారు. రాత్రి డ్యూటీ ముగించుకుని నేరుగా ఇక్కడికి వచ్చినవారూ ఉన్నారు. వారి వృత్తిని వారికి నేర్పే సాహసం మేము చేయము. ఆ వృత్తికి ఈ దేశంలో, మన ధమ్మంలో ఎంత పాత పునాది ఉన్నదో, ఆ పునాది మనపై ఏ బాధ్యత మోపుతున్నదో చెప్పడమే మా ఉద్దేశం.

ఒక విహారంలో జరిగినది

వినయపిటకంలోని మహావగ్గలో, చీవరాలకు సంబంధించిన ఖంధకంలో ఒక ఘటన ఉన్నది. తథాగతుడు ఆనందునితో కలిసి భిక్షువుల నివాసాలను చూస్తూ వెళుతున్నాడు. ఒక భిక్షువు ఉదరవ్యాధితో తన మలమూత్రాలలోనే పడి ఉన్నాడు. నీ వ్యాధి ఏమిటని తథాగతుడు అడిగాడు. నీకు పరిచర్య చేసేవారు లేరా అని అడిగాడు. లేరని రోగి చెప్పాడు. ఎందుకు లేరని మూడవ ప్రశ్న వేశాడు. తాను ఇతర భిక్షువులకు ఏ విధంగానూ ఉపయోగపడనివాడనని, అందుచేత వారు తనను చూడడం లేదని ఆ రోగి జవాబిచ్చాడు.

ఆనందుడు నీళ్లు తెచ్చాడు. బుద్ధుడు నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు. బుద్ధుడు తలవైపు, ఆనందుడు కాళ్లవైపు పట్టుకుని రోగిని లేవనెత్తి మంచం మీద పడుకోబెట్టారు.

ఈ ఘట్టాన్ని మనము సాధారణంగా ఇక్కడితో ఆపుతాము. విన్నవారి కళ్లు చెమరుస్తాయి, చేతులు జోడిస్తారు, సభ ముగుస్తుంది. గ్రంథం మాత్రం ఇక్కడ ఆగలేదు. బుద్ధుడు వెంటనే సంఘాన్ని సమావేశపరిచాడు. రోగిని అడిగిన ప్రశ్నలనే సంఘాన్ని అడిగాడు. ఇల్లు విడిచి వచ్చిన మీకు ఇక్కడ తల్లి లేదు, తండ్రి లేడు, మీలో ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని నిలదీశాడు. తనకు సేవ చేయగోరేవారు రోగికి సేవ చేయాలని చెప్పాడు. ఆపైన బాధ్యతల వరుసను నిర్ణయించాడు. రోగికి ఉపాధ్యాయుడు ఉంటే అతడు చూడాలి. లేకుంటే ఆచార్యుడు, లేకుంటే శిష్యుడు, లేకుంటే సహాధ్యాయి. ఎవరూ లేనివానిని సంఘమే చూడాలి. చూడకపోతే అది దోషం.

చరిత్ర విద్యార్థులుగా మేము ఈ రెండవ భాగాన్నే ప్రధానమని భావిస్తాము. మొదటి భాగంలో ఒక మహాపురుషుని కరుణ కనిపిస్తుంది. రెండవ భాగంలో ఆ కరుణ నియమంగా మారింది. ఒక రోజు బుద్ధుడు వచ్చి కడిగాడు. మరునాడు ఎవరు కడగాలి? ఆ తర్వాతి రోజు ఎవరు? బుద్ధుడు లేని విహారంలో ఎవరు? ఈ ప్రశ్నలకు కన్నీళ్లు జవాబు కావు, బాధ్యతల వరుస జవాబు. నేటి ఆసుపత్రిలో డ్యూటీ చార్టు అని మనము పిలిచేది ఈ ఆలోచనకు దూరపు బంధువు కాదు, దగ్గరి బంధువే.

గమనించవలసినది మరొకటి ఉన్నది. రోగిని వదిలివేసినవారు క్రూరులు కారు, అన్యమతస్థులు కారు. వారు బుద్ధుని భిక్షువులే. ఉపయోగపడనివానికి సేవ దేనికి అనే లెక్క వారి మనసులోకి ప్రవేశించింది, అంతే. ఆ లెక్క నేడు మన ఇళ్లలోకీ ప్రవేశిస్తున్నది. సంపాదించే కొడుకు జబ్బుపడితే ఒక ఆసుపత్రి, పింఛను కూడా లేని అత్తగారు జబ్బుపడితే మరొక ఆసుపత్రి. పక్షవాతంతో పడుకున్న తండ్రి గది తలుపు క్రమంగా మూసి ఉంచడం అలవాటవుతుంది. శరణాలు పలికినంత మాత్రాన ఆ లెక్క మన నుంచి తొలగిపోదని వినయపిటకమే సాక్ష్యం చెబుతున్నది.

అయిదు లక్షణాలు

అదే ఖంధకంలో మంచి పరిచారకునికి అయిదు లక్షణాలు చెప్పబడ్డాయి. మందు సిద్ధం చేసే సామర్థ్యం ఉండాలి. రోగికి ఏది పథ్యమో ఏది అపథ్యమో తెలిసి, అపథ్యాన్ని తొలగించి పథ్యాన్ని అందించాలి. లాభాపేక్షతో కాక మైత్రీచిత్తంతో సేవ చేయాలి. మలమూత్రాలను, కఫాన్ని, వాంతిని ఎత్తివేయడానికి అసహ్యించుకోకూడదు. సమయానుకూలంగా మంచి మాటలతో రోగికి ధైర్యం, ఉత్సాహం కలిగించాలి.

ఈ వరుసను పరిశీలించండి. మైత్రి మొదటిది కాదు, మూడవది. మొదటి రెండూ నైపుణ్యం, జ్ఞానం. మంచి మనసు ఉన్నా మందు మోతాదు తెలియనివారు రోగికి హాని చేయగలరు. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో తొలిసారి నీతినియమావళిని ఆమోదించింది. ఆరోగ్యాన్ని పెంపొందించడం, వ్యాధిని నివారించడం, ఆరోగ్యాన్ని పునరుద్ధరించడం, బాధను తగ్గించడం నర్సు బాధ్యతలని ఆ సంప్రదాయం చెబుతున్నది. నైపుణ్యాన్ని నిలుపుకోవడం కూడా నీతిలో భాగమేనని అది గుర్తిస్తుంది. చేతులు కడుక్కోకుండా గాయానికి కట్టు కట్టడం, మందు పేరు రెండుసార్లు సరిచూడకుండా ఎక్కించడం కేవలం సాంకేతిక లోపాలు కావు, నీతి లోపాలు.

రోగికి కూడా అయిదు లక్షణాలు చెప్పబడ్డాయి. పథ్యం పాటించాలి, పథ్యంలోనూ మితం తెలియాలి, మందు తీసుకోవాలి, వ్యాధి పెరిగిందో తగ్గిందో అలాగే ఉన్నదో పరిచారకునికి దాచకుండా చెప్పాలి, నొప్పిని ఓర్చుకోవాలి. దీని అర్థమేమిటి? రోగి కేవలం సేవ పొందే దేహం కాడు. చికిత్సలో అతనికీ పాత్ర ఉన్నది, మాట ఉన్నది. తన శరీరం గురించి నిజం చెప్పవలసినవాడు రోగి అయినప్పుడు, ఆ శరీరానికి ఏమి చేయబోతున్నారో అతనికి నిజం చెప్పవలసిన బాధ్యత ఎదుటివారిపై ఉంటుందని మేము అనుకుంటాము. మన సుప్రీంకోర్టు 2008 జనవరిలో ఇచ్చిన ఒక తీర్పులో ఈ సూత్రమే కనిపిస్తుంది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒక మహిళకు, ఆమె తల్లి అంగీకారం తీసుకుని పెద్ద శస్త్రచికిత్స చేశారు. వయోజనురాలు, స్పృహ వచ్చాక తానే నిర్ణయించుకోగలిగిన స్త్రీ విషయంలో తల్లి సంతకం చాలదని, ప్రాణాపాయం లేనప్పుడు రోగి అంగీకారమే అంగీకారమని కోర్టు స్పష్టం చేసింది. మన కుటుంబాలలో రోగికి తెలియకుండా రోగి గురించి మాట్లాడుకోవడం ప్రేమగా చెలామణి అవుతున్నది. అది ఎంతవరకు ప్రేమ, ఎక్కడి నుంచి అధికారం అనేది ఆలోచించవలసిన విషయం.

అంగుత్తర నికాయంలో రోగులను మూడు విధాలుగా చెప్పారు. సేవ అందినా అందకున్నా కోలుకునేవారు కొందరు. అందినా అందకున్నా కోలుకోనివారు కొందరు. అందితేనే కోలుకునేవారు కొందరు. ఈ మూడవ రకం వారి కోసం మందు, పథ్యం, పరిచర్య విధించబడ్డాయని, వారి కారణంగా మిగిలిన ఇద్దరికీ సేవ చేయాలని అక్కడ చెప్పారు. ఎవరు ఏ రకమో ముందుగా తేల్చి, బాగుపడరని తోచినవారిని పక్కన పెట్టే అనుమతి అందులో లేదు.

దీనికి మన కాలంలో ఒక గొప్ప ఉదాహరణ ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఉన్నది. అక్కడ నర్సుగా పనిచేసిన అరుణా శాన్‌బాగ్ 1973 నవంబరులో దాడికి గురై, మెదడు దెబ్బతిని, మంచానికే పరిమితమయ్యారు. 2015 మే 18న మరణించేవరకు, దాదాపు 42 సంవత్సరాలు, ఆ ఆసుపత్రి నర్సులు తరాలు మారినా ఆమెను చూసుకున్నారు. ఆమె తిరిగి లేవరని వారికి తెలుసు. అయినా తినిపించారు, శుభ్రం చేశారు, పక్కకు తిప్పి పడుకోబెట్టారు. 2011 మార్చిలో ఆమె విషయంలో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు ఆ నర్సుల సేవను ప్రశంసించింది. వినయపిటకంలో ఉపయోగం లేదని వదిలివేయబడిన ఆ భిక్షువుకు దొరకనిది ఈమెకు దొరికింది.

తాకడం అనే ప్రశ్న

పరిచారకుని నాలుగవ లక్షణం దగ్గర మనము ఇంకొంతసేపు ఆగాలి. మలమూత్రాలను ఎత్తడానికి అసహ్యించుకోకూడదన్న మాట ఈ దేశంలో అన్నిచోట్లా ఒకే విధంగా వినిపించదు. శరీరం నుంచి వెలువడే ప్రతి పదార్థానికీ ఒక మైల, ఆ మైలను ఎత్తడానికి ఒక కులం కేటాయించిన సమాజం మనది. అటువంటి సమాజంలో ఒక క్షత్రియ కుమారుడు, లోకం గురువుగా మన్నించినవాడు, స్వహస్తాలతో ఆ పని చేయడం కరుణకు గుర్తు మాత్రమే కాదు. మైల సిద్ధాంతానికి అది నిరాకరణ.

ఆ సిద్ధాంతం నర్సు వృత్తిని ఎంత దెబ్బతీసిందో చరిత్ర చెబుతున్నది. 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ నాటి బ్రిటిషిండియా మొత్తానికి సుమారు 7,000 మంది నర్సులు ఉన్నారని, అంటే 43,000 మంది జనాభాకు ఒక్కరని లెక్క చెప్పింది. వైద్యులైతే 6,300 మందికి ఒకరు ఉన్నారు. జీతాలు తక్కువ, వసతులు లేవు అన్నవి కారణాలే. వాటి వెనుక, పరాయివారి దేహాన్ని తాకే పని మర్యాదస్తులది కాదన్న చిన్నచూపు కూడా ఉన్నది. అందుకే తొలి తరాల నర్సులలో క్రైస్తవ స్త్రీలు అధికంగా ఉన్నారు. అణగారిన కులాల నుంచి వచ్చి మిషను ఆసుపత్రులలో శిక్షణ పొందినవారు వారిలో ఉన్నారు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ అడుగుపెట్టిన గుంటూరు మొదలుకొని మన తెలుగు జిల్లాలకు కూడా ఈ చరిత్ర తెలుసు. వారు మన మతస్థులు కారు. అయినా బుద్ధుడు చెప్పిన నాలుగవ లక్షణాన్ని ఆచరించి చూపినందుకు వారికి మనము నమస్కరించాలి. 1946లోనే ఈ ఢిల్లీ నగరంలో నర్సింగులో డిగ్రీ చదువు చెప్పే కళాశాల మొదలైంది. నేడు అది రాజకుమారి అమృత్ కౌర్ పేరుతో నడుస్తున్నది. తాకే పనికి పట్టా గౌరవం రావడం చిన్న మార్పు కాదు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ తమ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో బుద్ధుని మానవత్వాన్ని వివరించే భాగంలో, రోగుల పట్ల ఆయన శ్రద్ధకు ప్రత్యేకంగా ఒక ప్రకరణం కేటాయించారు. ఉదరవ్యాధి భిక్షువు కథ అందులో ఉన్నది. ఆ పుస్తకం రాస్తున్న కాలంలో బాబాసాహెబ్ కూడా రోగియే. మధుమేహం ఆయనను కుంగదీసింది. 1956లో రాసిన పీఠికలో, తమ ఆయుష్షును కొన్నేళ్లు పొడిగించినందుకు తమ వైద్యునికి, వైద్యురాలైన భార్య సవితా అంబేడ్కర్‌కు ఆయన కృతజ్ఞత తెలిపారు. 1957లో పుస్తకం వెలువడినప్పుడు ఆ పీఠిక అందులో చేరలేదు. 1956 డిసెంబరు 6న 26, అలీపూర్ రోడ్డు ఇంట్లో ఆయన పరినిర్వాణం పొందారు. ఆ ఇంటికి ఏటా వెళ్లే మనము, ఆయన చివరి గ్రంథం వెనుక పరిచర్య చేసిన చేతులు ఉన్నాయని గుర్తు పెట్టుకోవాలి.

ఇక నేటి మాట. నోయిడా, గురుగ్రామ్ అపార్టుమెంట్లలో వృద్ధులను చూడడానికి ఏజెన్సీల ద్వారా ఆయాలు వస్తారు. పన్నెండు గంటలు, కొన్నిచోట్ల ఇరవై నాలుగు గంటలు ఉంటారు. మన తల్లికి స్నానం చేయిస్తారు, పక్క మారుస్తారు, బెడ్‌ప్యాన్ పెడతారు. అదే ఇంట్లో ఆ ఆయాకు వేరే గ్లాసు, వేరే కంచం ఉంటాయి. మన తల్లి మలాన్ని తాకవచ్చు, మన గ్లాసును తాకకూడదు. దీనిని ఏ పేరుతో పిలవాలో ఈ సభలో ఉన్న ఎవరికీ మేము చెప్పనక్కరలేదు. మన తాతముత్తాతలు ఆ గ్లాసులలోనే నీళ్లు తాగారు. దీక్ష తీసుకున్న ఇంట్లో ఆ రెండవ గ్లాసు ఉంటే, దీక్ష గుమ్మం బయటే ఆగిపోయినట్టు.

శిలల మీది సాక్ష్యం

వినయంలోని నియమం విహారం గోడల మధ్యనే ఉండిపోలేదు. అశోక చక్రవర్తి తన రెండవ శిలాశాసనంలో మనుషులకు, పశువులకు రెండు విధాల చికిత్స ఏర్పాటు చేసినట్టు చెప్పుకున్నాడు. ఔషధ మూలికలు లేనిచోట్లకు వాటిని తెప్పించి నాటించాడు. దారుల వెంట బావులు తవ్వించాడు, చెట్లు పెట్టించాడు. ఈ ఏర్పాటు తన రాజ్యంలోనే కాక చోళ, పాండ్య, కేరళపుత్ర దేశాలలోనూ, తామ్రపర్ణిలోనూ, గ్రీకు రాజు అంతియోకుని రాజ్యంలోనూ జరిగిందన్నాడు. ఈ శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా చెక్కి ఉన్నది. అంటే సుమారు 2,270 సంవత్సరాల క్రితమే, చికిత్స అందించడం రాజ్యం పని అన్న మాట తెలుగు నేల మీద రాతిపై ఉన్నది.

ఆ తర్వాత నాగార్జునకొండ. అక్కడ దొరికిన ఒక ఫలకం మీద ‘విగతజ్వరాలయం’ అన్న పేరు ఉన్నది. జ్వరపీడితులు కోలుకోవడానికి వేరుగా ఏర్పరచిన చోటని పండితులు దీనికి అర్థం చెప్పారు. రాజుకు హితోపదేశంగా ఆచార్య నాగార్జునుడు రచించిన రత్నావళిలో రోగులను, దిక్కులేనివారిని, పేదలను పోషించవలసిన బాధ్యత రాజుపై పెట్టబడింది. అయిదవ శతాబ్ది తొలినాళ్లలో వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్, పాటలీపుత్రంలో దిక్కులేని రోగులకు ఉచితంగా ఆహారం, మందు ఇచ్చే ధర్మవైద్యశాలలను వర్ణించాడు. కరుణ నియమమైంది, నియమం సంస్థ అయింది. మన పూర్వుల ప్రస్థానం అది.

ఢిల్లీలో ఉత్తరపు రిడ్జి మీద, హిందూరావు ఆసుపత్రికి సమీపంలో, ఫిరోజ్‌షా తుగ్లక్ మీరట్ నుంచి తెప్పించిన అశోక స్తంభం నిలబడి ఉన్నది. పేలుడులో ముక్కలై, 1867లో తిరిగి నిలబెట్టబడిన స్తంభం అది. ఆ ఆసుపత్రికి ఎప్పుడైనా వెళ్లినవారు ఒకసారి అటు కూడా చూడండి.

నేటి వార్డులో

ఈ మహానగర ఆసుపత్రుల గురించి మనకు తెలియనిది లేదు. మన రెండు రాష్ట్రాల నుంచి చివరి ఆశగా ఎయిమ్స్‌కు వచ్చే కుటుంబాలు ఉన్నాయి. వారిలో చాలామందికి హిందీ రాదు. ఓపీ చీటీ మీద ఏమి రాశారో తెలియదు, నర్సు ఏమి అడుగుతున్నదో తెలియదు. రోగి పేరు పోయి మంచం నంబరు మిగులుతుంది. తెర వేయకుండానే పక్క మార్చడం జరుగుతుంది. గోప్యత, గౌరవం, అంగీకారం అనే మూడు మాటలు నర్సింగు నీతి పాఠాలలో తొలి పుటల్లోనే ఉంటాయి. ఆ మూడూ రోగి భాష తెలియనిచోట తొలి దెబ్బ తింటాయి.

భాష విషయంలో 2021 జూన్‌లో జరిగిన ఒక సంఘటన గుర్తు చేస్తాము. ఢిల్లీలోని గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రిలో, నర్సులు హిందీ, ఇంగ్లిషులలోనే మాట్లాడాలని, మలయాళం మాట్లాడితే తీవ్ర చర్య ఉంటుందని ఒక సర్క్యులర్ వెలువడింది. దేశమంతటా నిరసన రావడంతో మరునాడే దానిని ఉపసంహరించారు. తనకు అర్థం కాని భాషలో తన గురించే మాట్లాడుతున్నారేమోనన్న రోగి భయం నిజమైనదే. రోగి ముందు రోగికి తెలిసిన భాష మాట్లాడటం మర్యాద. అయితే నర్సు తన మాతృభాషను నేరంగా మోయవలసిన అవసరం లేదు. పరిష్కారం నిషేధంలో లేదు, దుబాసీలను ఏర్పాటు చేయడంలో ఉన్నది. రోగి గౌరవాన్ని పరిచారకుల అవమానంతో కొనలేము.

సుప్పియ కథ చెప్పేది

పరిచారకులకు మనము ఏమి ఇస్తున్నాము? పొగడ్తలు ఇస్తున్నాము. అమ్మ అంటాము, దేవత అంటాము. కోవిడ్ కాలంలో పళ్లాలు మోగించాము, పూలు చల్లాము. ఈ సందర్భంలో వినయపిటకంలోని సుప్పియ అనే ఉపాసిక కథను తలచుకోవాలి. వారాణసిలో ఒక రోగి భిక్షువుకు మాంసపు రసం అవసరమైంది. ఆ రోజు అంగడిలో మాంసం దొరకలేదు. ఇచ్చిన మాట తప్పకూడదని ఆమె తన తొడ మాంసాన్నే కోసి వండించి పంపింది. రోగులకు పరిచర్య చేసే ఉపాసికలలో అగ్రగణ్య సుప్పియ అని బుద్ధుడు ప్రకటించాడు. అదే సమయంలో, అది ఏమి మాంసమో విచారించకుండా తిన్న భిక్షువును మందలించాడు. మానవ మాంసం తినరాదని నియమం విధించాడు.

సుప్పియ శ్రద్ధను గౌరవించినా, ఆమె చేసినది ఆనవాయితీ కావడానికి ఆయన అంగీకరించలేదు. పరిచర్య చేసేవారి దేహాన్ని కోసుకుని రోగి బతకరాదన్నది మేము ఆ నియమంలో చదువుకునే అర్థం. విచారించకుండా తినడమే అక్కడి తప్పు. మనమూ విచారించము. ఈ వార్డులో ఎంతమంది రోగులకు ఒక నర్సు ఉన్నది, ఆమె ఎన్ని గంటల నుంచి నిలబడి ఉన్నది అని ఎప్పుడైనా అడిగామా? బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సాధారణ ఆసుపత్రులలో అయిదుగురికి ఒకరు ఉండాలని భారత నర్సింగు మండలి ప్రమాణం. రద్దీ వార్డులో అడుగుపెట్టినవారెవరైనా లెక్కపెట్టి చూసుకోవచ్చు. అంతమంది మధ్య పరుగెత్తే మనిషి గొంతు కసిరినట్టు ఉంటే, అది ఆమె ఒక్కదాని నీతి లోపం కాదు.

జీతం సంగతీ ఇంతే. భారత శిక్షిత నర్సుల సంఘం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2016 జనవరి 29న, ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాలను పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. 200 పడకలు దాటిన ఆసుపత్రులలో ప్రభుత్వ నర్సులతో సమాన జీతం, 50 పడకల లోపు ఆసుపత్రులలోనైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గని జీతం ఉండాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. ఢిల్లీ ప్రభుత్వం దానిని అమలు చేయమని ఉత్తర్వు ఇచ్చినప్పుడు ప్రైవేటు ఆసుపత్రుల యాజమాన్యాలు కోర్టుకు వెళ్లాయి. 2019 జులైలో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. కాగితం మీది న్యాయం ప్రతి నర్సు చేతికి అందేవరకు ఆ ప్రయత్నం ముగియలేదు.

దీనికీ వినయంలో ఆధారం ఉన్నది. ఒక భిక్షువు మరణిస్తే అతని చీవరాలు, భిక్షాపాత్ర సంఘానికి చెందుతాయి. అయితే రోగికి పరిచర్య చేసినవారు ఎంతో ఉపకారం చేసినవారని గుర్తించి, సంఘం వాటిని వారికే ఇవ్వాలన్నాడు బుద్ధుడు. పరిచర్య చేసినవారిలో సామణేరుడు ఉంటే అతనికీ సమాన భాగం ఇవ్వాలన్నాడు. లాభాపేక్ష లేకుండా సేవ చేయమని పరిచారకునికి చెప్పిన గ్రంథమే, అతనికి దక్కవలసినది దక్కించమని సంఘానికి చెప్పింది. మొదటి మాటను నర్సులకు బోధించి, రెండవ మాటను మరచిపోవడం మోసమవుతుంది.

మనము చేయదగినది

ఈ సభ ముందు నాలుగు ప్రతిపాదనలు ఉంచుతున్నాము.

మొదటిది, బాధ్యతల వరుస. మన సంఘంలో ప్రాంతాలవారీగా ఒక పట్టిక తయారు కావాలి. ఊరి నుంచి వచ్చిన తెలుగు రోగి ఎవరైనా, ఏ మతంవారైనా, ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్నారని తెలిస్తే ఏ రోజు ఎవరు వెళ్లాలో అందులో ఉండాలి. వెళ్లినవారు దుబాసీలుగా ఉండాలి, నిర్ణయాలు మాత్రం రోగికే వదలాలి. రోగి చెప్పనిదే అతని జబ్బు సంగతి వాట్సాప్‌లో పెట్టకూడదు.

రెండవది, నైపుణ్యం. మన సోదరీమణులైన నర్సులు నెలకొక ఆదివారం మనకు ఇంటి పరిచర్య నేర్పాలని కోరుతున్నాము. మంచం పట్టినవారిని రెండు గంటలకొకసారి ఎలా తిప్పాలి, పడకపుండ్లు రాకుండా ఎలా చూడాలి, చేతులు ఎలా కడగాలి అన్నవి. ఈ తరగతికి కోడళ్లను, కూతుళ్లను మాత్రమే పంపవద్దు. ఉదరవ్యాధి భిక్షువును కడిగినవారు ఇద్దరూ పురుషులే.

మూడవది, మన ఇళ్లలో పనిచేసే ఆయాల సంగతి. పని గంటలు ముందే మాట్లాడుకోవాలి, వారానికొక సెలవు ఇవ్వాలి, జీతం తేదీ తప్పకూడదు, కుర్చీ, కంచం, గ్లాసు అందరివీ ఒకటే కావాలి.

నాలుగవది, మనము రోగులమైనప్పుడు పాటించవలసినది. పాత మందుల చీటీలు దాచకుండా చూపించాలి. పలుకుబడితో వరుస దాటకూడదు. వార్డులో గుంపుగా చేరకూడదు. కోపం వచ్చినప్పుడు, మన ఎదుట ఉన్నది ఆసుపత్రి యాజమాన్యం కాదని, ఎనిమిదవ గంటో పన్నెండవ గంటో నిలబడి ఉన్న ఒక మనిషి అని గుర్తు తెచ్చుకోవాలి.

ఇవి చిన్న పనులు. ఇంత చిన్నవాటితో ఏమవుతుందని ఎవరికైనా అనిపించవచ్చు. 1966లో ఈ నగరంలోనే, కాల్కాజీకి దగ్గరలోని బహాపూర్ బండ మీద అశోకుని లఘు శిలాశాసనం ఒకటి బయటపడింది. ప్రయత్నఫలం గొప్పవారికి మాత్రమే అందేది కాదని, పూనుకుంటే చిన్నవారికీ అందుతుందని ఆ శాసనం సారాంశం. మన సంఘం చిన్నదే. ప్రాంతాలవారీ పట్టికలో తమ పేర్లు రాయదలచినవారి కోసం సభామందిర ద్వారం వద్ద ఒక పుస్తకం ఉంచాము. మా పేరు అందులో మొదటి పుటలో ఉన్నది, మిగిలిన గీతలు ఖాళీగా ఉన్నాయి.